పాప బరువు, రేడియం బరువు

మేరీ క్యూరీ అనగానే మనకు గుర్తొచ్చేది బళ్ళో చదువుకున్న పాఠం. నల్లగౌను, చేతిలో గాజుసీసా, రెండు నోబెల్ బహుమతులు. ఆవిడ కూడా చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని, పాలు చాలడం లేదే అని దిగులుపడి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. అది తట్టేలా చేసింది మా ఆడపడుచు.

ఆ పిల్ల బ్యాంకులో పనిచేస్తుంది. ఆరునెలల సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరాక పాలు తగ్గిపోయాయి. పాప బరువు పెరగలేదు. డాక్టరు పోతపాలు కూడా పట్టమన్నారు. ఇంట్లోనే ఉండి ఇద్దర్ని పెంచినదాన్ని కదా, అప్పుడే డబ్బాపాలేమిటమ్మా అని ఫోనులో అనేశాను. తను ఏమీ అనలేదు, ఫోను పెట్టేసింది. ఆ వారంలోనే మేరీ చిన్నకూతురు ఈవ్ 1937లో రాసిన తల్లి జీవితచరిత్ర మళ్ళీ చేతికందింది. చదువుతుంటే నామీద నాకే సిగ్గేసింది.

మేరీ 1867లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. తల్లికి క్షయ. అంటుకుంటుందన్న భయంతో ఆవిడ పిల్లల్ని ముద్దుపెట్టుకునేది కాదు, తన కంచం, గ్లాసు వేరుగా ఉంచుకునేది. మేరీకి పదేళ్ళప్పుడే కన్నుమూసింది. తల్లి ఒడి కోసం మొహం వాచిన పిల్లన్నమాట. అక్క పారిస్‌లో వైద్యం చదవడానికి సాయం చేస్తూ కొన్నేళ్ళు ఎవరిళ్ళల్లోనో పిల్లలకు చదువు చెప్పింది. 1891లో తనూ పారిస్ చేరి చదువుకుంది. 1895లో పియరీ క్యూరీని పెళ్ళాడింది. ఆయన జీతం నెలకు 500 ఫ్రాంకులు. దాంతోనే ఇల్లు గడవాలి.

1897 సెప్టెంబరు 12న ఐరీన్ పుట్టింది. పురుడు పోసింది స్వయానా మామగారు, డాక్టర్ యూజీన్ క్యూరీ. కొద్దిరోజులకే అత్తగారు పోయారు. పుట్టినిల్లు చూస్తే ఎక్కడో వార్సాలో. మన బాలింతలకు దొరికే అయిదోనెల దాకా పుట్టింటి ముచ్చట ఆవిడకు లేదు. అయినా పంతంగా తన పాలే ఇచ్చింది.

రెండోనెలలో వచ్చింది కష్టం. మూడువారాలపాటు పాప బరువు తగ్గింది. నీరసంగా, కళ తప్పి ఉండేది. మేరీ ఆ బాధంతా తండ్రికి ఉత్తరంలో రాసుకుంది. దాదిని పెట్టుకోవడమంటే మనసుకు కష్టమే, ఖర్చు కూడా. కానీ బిడ్డ ఎదుగుదలకు తన పట్టుదల అడ్డురాకూడదని తేల్చుకుంది. చివరికి డాక్టరు చెప్పడంతో పాలిచ్చే దాదిని కుదుర్చుకుంది.

పోతపాలు పట్టొచ్చుగా అంటారేమో. ఆ రోజుల్లో అదీ గండమే. సరిగా కాచని పాలు తాగి, విరేచనాలు పట్టుకుని పసిపిల్లలు ఎందరో పోయేవారు. పారిస్‌లో డాక్టర్ బుదాన్ 1892లో ఆసుపత్రిలో పసిపిల్లల బరువులు చూసి తల్లులకు సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఫెకాఁ ఊళ్ళో డాక్టర్ దుఫూర్ 1894లో శుద్ధిచేసిన పాలు పంచే కేంద్రం తెరిచాడు. అవి అప్పుడప్పుడే మొదలైన పనులు. అందుకే చాలామంది దాదినే నమ్ముకునేవారు. ఆ దాదుల్లో ఎంతోమంది తమ బిడ్డను పల్లెలో ఎవరికో అప్పగించి వచ్చినవాళ్ళు. మేరీ ఘనతలో ఒక దాది పాలకూ వాటా ఉందని నాకనిపిస్తుంది. మన హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో పెట్టిన తల్లిపాల బ్యాంకు పేరు కూడా ధాత్రి. ఆ మాటకు దాది అనే అర్థం.

పాలివ్వకపోయినంత మాత్రాన మేరీ తల్లి కాకుండా పోయిందా? పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పాపకు స్నానం, బట్టలు మార్చడం అన్నీ తనే. ప్రయోగశాలలో ఉండగా ఒక్కోసారి గుండె గుబేలుమనేది. దాది పాపను ఎక్కడైనా పోగొట్టిందేమోనని పని వదిలేసి మోంసూరీ పార్కుకు పరుగెత్తేది. దూరంగా బండి, అందులో తెల్లగా ఏదో కనిపించాక ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చేది. ఆఫీసు నుంచి పదిసార్లు ఇంటికి ఫోను చేసే మన అమ్మాయిలకు ఈ గుబులు కొత్త కాదు.

పాప బరువు, తిండి, పళ్ళు అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. 1898 జులైలో దంపతులు పొలోనియం కనుగొన్నట్టు ప్రకటించారు. ఆగస్టు 15న పాపకు ఏడోపన్ను వచ్చిందని పుస్తకంలో ఉంది. డిసెంబరు 26న రేడియం ప్రకటన. జనవరి 5న పాపకు పదిహేను పళ్ళు! ఆ తర్వాత టన్నులకొద్దీ ఖనిజాన్ని మరిగించి, కలియబెట్టి 1902లో గ్రాములో పదోవంతు రేడియం లవణం తీసి, రేడియం పరమాణుభారం లెక్కగట్టింది. అంత శ్రమ చేసి వచ్చినా, పాప పిలిస్తే నిద్రపట్టేదాకా మంచం పక్కనే కూచునేది. తనను పట్టించుకోవడం లేదని పియరీ సణిగేవాడట!

ఇదంతా ఆవిడ ఒక్కతే చేసిందని చెబితే అబద్ధం. మామగారు వాళ్ళింటికొచ్చి ఉండి ఐరీన్‌ను కళ్ళలో పెట్టుకుని చూశారు. 1906లో పియరీ బండి కిందపడి చనిపోయేనాటికి ఐరీన్‌కు ఎనిమిదేళ్ళు, ఈవ్‌కు ఏడాదిన్నర కూడా నిండలేదు. అప్పుడూ 1910లో తాను పోయేదాకా ఆ పెద్దాయనే ఇంటికి అండ. ఆ అండతోనే మేరీ సోర్బాన్‌లో భర్త స్థానంలో పాఠం చెప్పగలిగింది. 1903లో భర్తతో కలిసి నోబెల్ వచ్చింది, 1911లో ఒంటరిగా రెండోది. 1934లో ఆవిడ పోయింది. ఆ మరుసటేడు, రెండోనెలలో బరువు తగ్గి తల్లిని ఏడిపించిన ఆ ఐరీనే భర్తతో కలిసి నోబెల్ అందుకుంది.

పుస్తకం మూసి మా ఆడపడుచుకు ఫోను చేశాను. ఆ రోజు అలా అన్నందుకు తప్పయిపోయిందమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, పొద్దున్నే పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళుతోందట, చాలనప్పుడు వాళ్ళత్తగారు పోతపాలు కలిపి గిన్నె, చెంచాతో పడుతున్నారట. మొన్నటి తూకంలో నాలుగువందల గ్రాములు పెరిగిందట.

వచ్చేనెల వాళ్ళత్తగారు తీర్థయాత్రకు వెళతారు. ఆ పదిరోజులూ పాపను నేనే చూసుకుంటానని చెప్పాను.