ఔషధ తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకూ, కొల్లేటి లంక గ్రామాలకూ బోదకాలు పాత శత్రువు. మురుగునీటి దోమలు మోసుకువచ్చే ఆ వ్యాధిపై పోరుకు ప్రధానమైన ఔషధాన్ని ప్రపంచానికందించిన పరిశోధక బృందానికి నాయకుడు కొల్లేటికి తూర్పున ఉన్న భీమవరంలో పుట్టినవాడే కావడం విశేషం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించిన కారణంగా ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది. అన్నగారు పురుషోత్తం గ్రహణి వ్యాధికి బలియైనారు. అదే వ్యాధి తనకూ సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. రోగకారణాలను అన్వేషించాలన్న సంకల్పం ఆ దుఃఖంలోనే దృఢపడింది.

భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికా చేరిన ఆయన మరల తిరిగిరాలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలను వెలికితీశారు. అయినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారిని కబళించిన గ్రహణికి అది మందయింది. జీవకణాల వృద్ధికి ఆ ఆమ్లం అత్యవసరం. దానిని పోలిన నకిలీ పదార్థాన్నిస్తే కణం మోసపోయి పెరుగుదల నిలిచిపోతుంది. అటువంటి అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సరు బాలలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగినట్లు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు.

అమినోప్టెరిన్‌కు సోదరప్రాయమైన మెథోట్రెక్సేట్ కథ అంతటితో ముగియలేదు. దేహరక్షణ శక్తి సొంత కీళ్లపైనే తిరగబడే రుమటాయిడ్ వాతానికి ఆ మందును అమెరికా 1988లో ఆమోదించింది. పరాయి పదార్థాన్ని గుర్తించి అంటుకొనే మాంసకృత్తులే ప్రతిరక్షకాలు. వాటినే మందుగా మలచగా వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను 1999 నుండి ఈ వాతానికి మెథోట్రెక్సేట్ తోడుగా వాడుతున్నారు. ఆ కొత్త మందును సైతం పరాయిదిగా భావించి శరీరం ఎదురుతిరగడాన్ని మెథోట్రెక్సేట్ తగ్గిస్తుంది.

1947లో వెలువడిన బోదకాలు మందు, డైఇథైల్‌కార్బమజైన్, తీరు విచిత్రమైనది. గాజునాళికలోని పురుగులను అది అంతగా బాధించదు. దేహంలో మాత్రం స్వీయరక్షణ శక్తిని తోడు చేసుకొని రక్తంలోని పిల్లపురుగులను నశింపజేస్తుంది. అవి రాత్రివేళ రక్తంలో సంచరిస్తాయి కనుక పూర్వం పరీక్షకు నడిరేయి రక్తం తీసేవారు. పురుగు విడిచే పదార్థాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాలున్న పట్టీపై ఒక్క రక్తపుచుక్క వేస్తే నేడు పగలే జాడ తెలుస్తుంది.

1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించింది. 2004లో బోదకాలు నిర్మూలనకై ఇంటింటా మాత్రలు పంచడం మొదలైనప్పుడు చేతికందినదీ ఆ మందే. దానిని మింగినవారిలో ఎందరికి ఆయన పేరు తెలుసు? ఆ లోటు తీర్చవలసిన చోటు తరగతి గది.