రక్తపరీక్ష చీటీలో మన భీమవరం డాక్టరు

హాస్టల్లో ఎవరికన్నా విరేచనాలు పట్టుకుని ఆగకపోతే రక్తం తీసి ఏలూరు పంపిస్తారు. తర్వాత ఒక చీటీ వస్తుంది. సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్ అని పేర్లు, పక్కన అంకెలు. ఆ అంకెల వెనక మన ప్రాంతం మనిషే ఒకరున్నారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

తాడేపల్లిగూడెం నుంచి దక్షిణంగా పోతే భీమవరం, అక్కడికి పడమరగా కొల్లేరు. సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇల్లు గడవడమే కష్టం. 13వ ఏట కాశీ పారిపోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముదామని బయల్దేరితే తల్లి వెంకమ్మ గారు పట్టుకుని వెనక్కి తెచ్చారట. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో పాసయ్యారు. (టెన్త్ తప్పిన అన్నలు ఈ లైను రెండుసార్లు చదువుకోండి!) మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు దొరకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు కింది డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు.

1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. చదువుకుంటూనే ఖర్చులకోసం ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగారు. మన సెలవుల్లో చేపల చెరువుల దగ్గర కూలికెళ్ళే వాళ్ళకి ఇది వింతేమీ కాదు.

తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపి, దానికి ఇంకో మందు చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ కొలతలతోనే కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, ఏ.టి.పి. ఉందని 1929లో చూపించారు. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనిపెట్టాడు.)

ఏ.టి.పి. అంటే కణానికి డీజిల్ లాంటిది. పొటాషియం సంగతి ఇక్కడే వస్తుంది. మన ఒంట్లో పొటాషియం దాదాపు అంతా కణాల లోపలే ఉంటుంది. లోపల 140 దాకా, బయట రక్తంలో 3.5 నుంచి 5 మాత్రమే. ఈ తేడా నిలబెట్టేది కణం గోడలో ఉండే ఒక పంపు. చెరువు గట్టు మీద మోటారు లాగే అనుకోండి. అది ఏ.టి.పి.ని కాల్చి 3 సోడియంలు బయటికి తోసి, 2 పొటాషియంలు లోపలికి లాగుతుంది. ఈ పంపుని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌ 1957లో వివరించి 1997లో నోబెల్ తీసుకున్నాడు. సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు.

మొన్న మా గదిలో ఒకడి చీటీలో పొటాషియం 6.4 అని వచ్చింది. విరేచనాలతో మామూలుగా పొటాషియం తగ్గుతుంది, కాళ్ళు పీకుతాయి, నీరసం కమ్ముతుంది. వీడికి పెరిగిందేంటి? ఎక్కువైనా తక్కువైనా గుండె లయ తప్పుతుంది కాబట్టి డాక్టరు గారు వెంటనే ఇ.సి.జి. తీయించారు. బాగానే ఉంది. మళ్ళీ రక్తం తీసి అక్కడికక్కడే పరీక్ష చేయిస్తే 4.2. మొదటి రక్తం ఐసుపెట్టెలో, గతుకుల రోడ్డు మీద గంటలకొద్దీ ప్రయాణం చేసింది. చలికి పంపు మందగిస్తుంది, కుదుపుకి ఎర్రకణాలు పగలొచ్చు. రెండింటికీ లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. పెరిగింది సీసాలో, వాడి ఒంట్లో కాదు. అలాగని 6 దాటిన అంకెని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కిడ్నీలు పాడైనవాళ్ళకి అది నిజంగానే పెరుగుతుంది, అప్పుడు గంటలు కూడా ఆగకూడదు.

సుబ్బారావు గారు 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందు. బోదకాలుకి మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆ బృందానిదే. 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలోనే నిద్రలో పోయారు. ఇంటి దగ్గర వదిలివెళ్ళిన భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడనే లేదు.