డాషియల్ హామెట్ చరిత్రము

సంఘ వార్షిక సంచికలయందు వంశకర్తల చరిత్రములను, దాతల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ సంచికకు మేము అమెరికా కథకు డొకని చరిత్రము వ్రాయుట కొందఱు పెద్దలకు వింతగా దోపవచ్చును. మన కడియము, కడియపులంక ప్రాంతముల యువకులు నారుమళ్ల పని ముగిసిన పిమ్మట, పుస్తకరూపముననో చేతిఫోనులోనో, డిటెక్టివు కథలు చదువుచునే యున్నారు. వారిని గద్దించుటకు ముం దా కథలలో మేలుజాతి యెక్కడ మొలచినదో తెలిసికొనుట న్యాయము. మొక్కలు పెంచు మనవారికి అంటుకును, తల్లిచెట్టునకును గల భేదము చెప్పనక్కఱలేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడు, అతని సహాయకుడు రాజు మన నేలలో చక్కగా నాటుకొన్న యంటులు.

శామ్యూల్ డాషియల్ హామెట్ 1894 మే 27వ తేదీని మేరీలాండు రాష్ట్రమున జన్మించెను. తండ్రికి నిలుకడయైన సంపాదన లేదు. అందుచే నితడు పదునాలుగేండ్ల ప్రాయమునకే చదువు మాని రైల్వేలోను, ఇతరత్రను చిల్లరకొలువులు చేసెను. 1915లో పింకర్టన్ అను ప్రైవేటు డిటెక్టివు సంస్థలో జేరెను. మనుష్యుల వెంట వారెఱుగకుండ నడచుట, దొంగసొమ్ము జాడతీయుట, ఎండవానలలో గంటలకొలది వీథిమూలను నిలుచుట యతని విద్య. ఆ సంస్థ కార్మికుల సమ్మెలను భగ్నముచేయుటకు యజమానులకు మనుష్యుల నిచ్చుచుండెడిది. ధనికుని సొమ్మునకు న్యాయ మెట్లు వంగునో హామెట్ దగ్గఱనుండి చూచెను. 1918లో సైన్యమున జేరి, ఇన్‌ఫ్లూయెంజా తగిలి, పిదప క్షయరోగి యయ్యెను. 1921లో, తనకు చికిత్సాలయమున పరిచర్యచేసిన జోసెఫీన్ డోలన్ అను నర్సును శాన్‌ఫ్రాన్సిస్కోలో వివాహమాడెను. ఇరువురు కుమార్తెలు గలిగిరి. దేహ మాకొలువునకు పనికిరాకపోగా కలము పట్టెను.

బ్లాక్ మాస్క్ అను చౌకబారు కాగితపు పత్రికలో 1923 మొదలుకొని యతని డిటెక్టివు కథలు వెలువడినవి. వాని నాయకునకు పేరు లేదు. నలువదేండ్లవాడు, పొట్టివాడు, లావుపాటివాడు. కాంటినెంటల్ అను సంస్థలో జీతగాడు. షెర్లాక్ హోమ్స్ చుట్టకొన బూడిదను జూచి మనుష్యుని చరిత్రము చెప్పును. ఈ పొట్టివా డట్లు కాదు. తలుపులు తట్టును, ప్రశ్నలడుగును, దెబ్బలు తినును, మరల పోవును. పదవ యాధారము అను 1924 నాటి కథలో నొక హత్యకు తొమ్మిది యాధారములు దొరకును. ఒకటియు నొకదానితో పొసగదు. అప్పుడు డిటెక్టివునకు, ఆ తొమ్మిదియు దారితప్పించుటకు బుద్ధిపూర్వకముగ విడిచినవే యనియు, ఆ కపటమే పదవ యాధారమనియు తోచును. హేత్వాభాసమును హేతువుగా గ్రహించిన యీ నేర్పు తర్కము చదివినవారికిని సంతోషము గూర్చును.

1929లో వచ్చిన రెడ్ హార్వెస్ట్ నవలలో నొక గనులపట్టణ మున్నది. యజమాని సమ్మెను అణచుటకు రౌడీలను దెచ్చును. సమ్మె యణగినపిదప రౌడీలు పోక పట్టణమునే యాక్రమింతురు. ఇందు హత్యలు మితిమీఱినవి, మాకు రుచింపలేదు. కాని పట్టణ మెట్లు చెడునో చెప్పిన తీరు సత్యము. మన సంస్కృతమందును దొంగల విద్య కాదరము లేకపోలేదు. మృచ్ఛకటికమున శర్విలకుడు కన్నమును జందెముతో కొలుచును. దశకుమారచరితమున అపహారవర్మ చంపానగరపు లోభులను దోచును. అచట రసము దొంగ చాతుర్యమం దున్నది. హామెట్ కథలం దది కూలికి పనిచేయువాని మొండితనమం దున్నది. లంచమునకు లొంగక, బెదరక, చేపట్టిన పని ముగించు జీతగాడు పాఠకునకు తనవాడుగ తోచును. యువకుల నాకర్షించునది తుపాకి గాదు, ఇది యని మా యభిప్రాయము.

1930లో గ్రంథరూపమున వచ్చిన ది మాల్టీస్ ఫాల్కన్ యతని కీర్తికి శిఖరము. అందు కథ నాపి డిటెక్టివు చెప్పు నొక యుపాఖ్యాన మున్నది. ఒక గృహస్థు వీథిని బోవుచుండగా కట్టుచున్న మేడనుండి దూలము ప్రక్కన బడును. చెక్కిలిపై చిన్న గాయము తప్ప హాని లేదు. అత డానాడే ఆలుబిడ్డలను విడిచి యూరు దాటిపోవును. కొన్నేండ్లకు వేఱొక యూర నట్టి కొలువుతో, అట్టి భార్యతో, అట్టి సంసారముననే కనబడును. శ్మశానవైరాగ్యమును గూర్చి మన పెద్దలు చెప్పినదాని కింతకన్న మంచి కథ మే మెఱుగము.

1934లో ది థిన్ మాన్ వెలువడినది. పిదప నతడు బ్రదికిన యిరువదియేడేండ్లలో మఱొక నవలను ముగింపలేదు. సినిమాల ధనము మద్యమునకు, జూదమునకు పోయినది. భార్యాపుత్రికలకు దూరముగ నివసించెను. ఈ దోషములను కప్పిపుచ్చుట మాకు సమ్మతము గాదు. 1942లో, నలువదియెనిమిదేండ్ల వయసున, క్షయ తిన్న ఊపిరితిత్తులతో మరల సైన్యమున జేరి, అల్యూషియన్ దీవులలో సైనికుల వార్తాపత్రికను నడపెను.

తరువాతిది మన దాతలు శ్రద్ధగ చదువదగినది. నిందితులకు జామీను కట్టుటకై యేర్పడిన నిధి కతడు ధర్మకర్త. ఆ జామీనుపై విడుదలైన కమ్యూనిస్టు నాయకులలో నలుగురు 1951లో పరారియైరి. నిధికి ధనమిచ్చినవారి పేర్లు చెప్పుమని న్యాయస్థాన మడిగినది. పేర్లు చెప్పినచో దాతల యుద్యోగములు, గౌరవము పోవు కాలమది. హామెట్ చెప్పలేదు. ఆఱునెలల శిక్ష పడి, ఇంచుమించు అయిదు నెలలు చెఱలో నుండెను. మన సంచికలలో దాతల పేర్లు పెద్దయక్షరములతో నచ్చగును. అచట పేరు దాచుటయే దాతకు చేయు మర్యాద యైనది. ఆ పేర్లు హామెట్ కసలు తెలియనే తెలియవని, చిరకాలము స్నేహితురాలైన లిలియన్ హెల్మన్ పిదప వ్రాసినది. తెలియవని చెప్పినను కొంత తప్పించుకొనియుండునేమో. అదియు నతడు చెప్పలేదు.

బయటికి వచ్చుసరికి ఆరోగ్యము చెడినది. ఆదాయపుపన్ను బాకీక్రింద ప్రభుత్వ మతని సంపాదనను జప్తుచేసినది. 1953లో సెనేటు ఉపసంఘము మరల పిలిచి ప్రశ్నించినది. 1961 జనవరి 10వ తేదీని న్యూయార్కు నగరమున, ఊపిరితిత్తుల పుట్టకుఱుపుచే మరణించెను. రెండు యుద్ధములలోను సైన్యమున పనిచేసినవాడగుటచే దేహమును ఆర్లింగ్టన్ సైనికశ్మశానమున పూడ్చిరి.