కన్నకొడుక్కీ అదే చట్టం

చదవనూ రాయనూ రాని మనిషి ముప్పై రెండేళ్లు కోర్టు వారంట్లు అమలు జరిపాడంటే నమ్మడం కష్టం. అమెరికాలో పేరుపడ్డ నల్లజాతి పోలీసు అధికారి బాస్ రీవ్స్ కథ అటువంటిదే.

ఆయన 1838లో ఆర్కన్సా రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు యజమాని కుటుంబంతో టెక్సాస్ వెళ్లాడు. 1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ రోజుల్లో యజమాని దగ్గర నుంచి పారిపోయి ఇండియన్ టెరిటరీ చేరాడు. ప్రభుత్వం తూర్పు నుంచి వెళ్లగొట్టిన చెరోకీ, క్రీక్, సెమినోల్ వంటి ఆదివాసి తెగలకు చూపించిన నేల అది. వారి మధ్యనే బతికి వారి భాషలు పట్టుబడ్డాడు. 1865లో బానిసత్వం రద్దయ్యాక ఆర్కన్సాలో సేద్యం చేసుకుంటూ సంసారం సాగించాడు.

ఇక ఆ టెరిటరీ సంగతి. తెగల కోర్టులు తమవారిని విచారించవచ్చునే గాని బయటివారి జోలికి పోవడానికి లేదు. అందుచేత ఎక్కడెక్కడి హంతకులూ, గుర్రాల దొంగలూ, సారా వ్యాపారులూ అక్కడ జేరారు. 1875లో ఫోర్ట్ స్మిత్ కోర్టుకు ఐజాక్ పార్కర్ జడ్జీగా వచ్చాడు. దారులూ భాషలూ తెలిసిన రీవ్స్‌ను ఆ ఏడే డిప్యూటీ మార్షల్‌గా తీసుకున్నారు. నెలజీతం లేదు. పట్టుకున్న మనిషికి ఇంత, తిరిగిన మైలుకు ఇంత అని లెక్క.

బయలుదేరేముందు ఎవరి చేతనైనా వారంట్లు చదివించుకునేవాడు. ఏ కాగితం ఎవరిదో మనసులో పెట్టుకునేవాడు. మూడు వేల మందికి పైగా పట్టుకొచ్చాడని అప్పటి పత్రికలు రాశాయి.

అటువంటివాడూ ముద్దాయి కాకపోలేదు. 1884లో ఆయన తుపాకీ గుండు తగిలి తన వంటవాడే చనిపోయాడు. పొరపాటున పేలిందన్నాడు. అయినా కేసు పెట్టారు. తాను ఖైదీలను తెచ్చి అప్పగించిన జైల్లోనే తానూ కొన్ని నెలలున్నాడు. 1887లో పార్కర్ కోర్టు నిర్దోషిగా వదిలింది గాని, కూడబెట్టిందంతా వకీళ్లకే సరిపోయింది.

అంతకన్నా పెద్ద పరీక్ష 1902లో వచ్చింది. కొడుకు బెంజమిన్ తన భార్యను చంపాడు. మస్కోగీలో ఆ వారంటు తీసుకోవడానికి తోటివారు వెనకాడారని చెబుతారు. తండ్రే వెళ్లి కొడుకును పట్టుకొచ్చాడు. కొడుక్కి యావజ్జీవ శిక్ష పడింది, లీవెన్‌వర్త్ జైలుకు పంపారు. ఆ తండ్రి గుండె ఎంత కోతపడిందో మనం ఊహించుకోవలసిందే. కాని చచ్చిపోయిన ఆ పిల్ల కూడా ఒకరి బిడ్డే గదా!

1907లో ఆ ప్రాంతం ఓక్లహోమా రాష్ట్రమైంది, మార్షల్ పని ముగిసింది. కొత్త శాసనసభ ముందుగా చేసిన చట్టం రైళ్లలో నల్లవారికి వేరే పెట్టెలు పెట్టడం. ముప్పై రెండేళ్లు చట్టాన్ని మోసిన మనిషికి చట్టం చూపిన మర్యాద అది! అయినా ఆయన మస్కోగీ పట్టణ పోలీసులో చేరి, చేతనైనన్నాళ్లు చేశాడు. 1910 జనవరి 12న మూత్రపిండాల జబ్బుతో కన్నుమూశాడు.

చాలాకాలం ఆయనను ఎవరూ తలచుకోలేదు. 2012లో ఫోర్ట్ స్మిత్‌లో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం నిలిపారు. పరాయివాడి తప్పుకు ఒక తూకం, మనవాడి తప్పుకు ఒక తూకం పట్టే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అక్షరం రాని ఈ మనిషి మాత్రం ఆ తక్కెడను ఒక్కలాగే పట్టుకున్నాడు.