మాయకు నియమం నేర్పిన దర్శకుడు: కదిరి వెంకటరెడ్డి

కె.వి. రెడ్డిగా ప్రసిద్ధికెక్కిన కదిరి వెంకటరెడ్డి గారు 1912 జూలై 1వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మన కర్నూలు, కడప జిల్లాలకు పొరుగున, పెన్నానది ఒడ్డున ఉన్న ఊరు అది. వారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి పట్టభద్రులయ్యారు. మంత్రతంత్రాల కథలకు తెరపై ప్రాణం పోసిన వ్యక్తి సైన్సు విద్యార్థి కావడం మన విద్యార్థులు గమనించదగిన విశేషం.

చిత్రరంగంలో వారి తొలి కొలువు దర్శకత్వం కాదు, క్యాషియరు పని. పిదప వాహినీ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. లెక్కల పుస్తకం వద్ద అలవడిన క్రమశిక్షణ వారిని జీవితాంతం విడువలేదు. సన్నివేశాల నిడివిని స్టాప్‌వాచీతో ముందే కొలుచుకొని చిత్రీకరించడం వారి పద్ధతి. 1943లో "భక్త పోతన", 1947లో "యోగి వేమన", 1949లో "గుణసుందరి కథ" వారికి కీర్తిని తెచ్చాయి.

1951 మార్చి 15న విజయా సంస్థ పక్షాన విడుదలైన "పాతాళ భైరవి" వారి ప్రతిభకు గీటురాయి. మధిర సుబ్బన్న దీక్షితుల "కాశీమజిలీ కథలు", అల్లాఉద్దీన్ అద్భుతదీపం కథ దీనికి ప్రేరణలు. అల్లాఉద్దీన్ కథ ప్రయాణం కూడ విచిత్రమైనదే. ప్రాచీన అరబ్బీ ప్రతులలో అది కానరాదు. 1709లో పారిస్ నగరంలో అలెప్పో వాసి హన్నా దియాబ్ దానిని గలాండ్ అనే ఫ్రెంచి పండితునికి వినిపించాడు. కథలోని బాలుడు చీనా దేశస్థుడు, మాంత్రికుడు ఆఫ్రికా వాడు. అట్టి కథ తెలుగునాట అడుగిడగానే దర్జీ కొడుకు తోటరాముడైనాడు, మాంత్రికుడు నేపాళం నుండి దిగివచ్చాడు, దీపం భైరవి ప్రతిమగా మారింది.

వేషం మార్చడంతోనే వెంకటరెడ్డి గారు తృప్తి చెందలేదు. మూలకథలోని బాలునికి దీపం అదృష్టవశాన లభిస్తుంది. తోటరాముడు మాత్రం రాకుమారిపై ప్రేమకొరకు, రాజు కోరిన ఐశ్వర్యం కొరకు మృత్యుముఖానికే నడిచిపోతాడు. సాహసవంతుని బలి ఇచ్చి ప్రతిమను పొందదలచిన మాంత్రికుడు చివరకు తానే బలియైపోతాడు. అయినను కథ అక్కడ ముగియదు. శిష్యుడు సదాజపుని వలన బ్రతికివచ్చిన మాంత్రికుడు ప్రతిమను, రాకుమారిని, మేడను కూడ అపహరిస్తాడు. మాయతో వచ్చినదంతా మాయతోనే పోయింది. మిగిలినది నాయకుని ధైర్యం, తెలివి, స్నేహితుని తోడు మాత్రమే. మంత్రాలకు చింతకాయలు రాలవనే మన సామెతను మంత్రాల కథతోనే నిరూపించిన ఘనత ఈ చిత్రానిదని మేము భావిస్తున్నాము.

పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళ, ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావుల నటన ఒక్క త్రాటిపై నడిచాయి. గుహలోని భయం, ఉద్యానంలోని ప్రణయం, అంజిగాని హాస్యం ఒకదానినొకటి మింగివేయకుండ కాపాడినది దర్శకుని తూనిక. 1952లో భారతదేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శింపబడింది.

1957లో "మాయాబజార్" వారి యశస్సును శిఖరానికి చేర్చింది. అయితే 1968లో వచ్చిన "ఉమాచండీ గౌరీశంకరుల కథ", "భాగ్యచక్రం" ఆదరణకు నోచుకోలేదు. నిన్నటి జయం రేపటికి హామీ కాదని వారి జీవితమే చెప్పింది. 1971లో "శ్రీకృష్ణసత్య"ను రూపొందించి, 1972 సెప్టెంబరు 15న వారు కన్నుమూశారు.

మన సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి సాగుతాయి. అల్లాఉద్దీన్ ఒక వైపు వాడనీ, తోటరాముడు మరొక వైపు వాడనీ తలచేవారికి వెంకటరెడ్డి గారి కృషియే సమాధానం. కథకు కంచెలు లేవు. దానిని తనదిగా చేసుకొనడానికి శ్రమ మాత్రం కావాలి. ఆ శ్రమనే మన విద్యార్థులు వారినుండి గ్రహింతురు గాక.