ఆలన్ ట్యూరింగు

చదరంగమున నోడిన బాలుడు రెండు పనులలో నేదో యొకటి చేయును. కోపముతో పావులను త్రోసివేసి లేచిపోవును. లేదా వానిని మరల పేర్చి, తాను తప్పిన ఎత్తు ఏదియో వెదకును. నేడు కంప్యూటరుతో చదరంగమాడు మన విద్యార్థులకు ఈ రెండవ పని మిక్కిలి సులభమైనది. యంత్రముచే చదరంగ మాడింప యత్నించిన తొలివారిలో నొకడగు ఆలన్ ట్యూరింగు చరిత్రమును వారికై సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ట్యూరింగు 1912వ సంవత్సరము జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జూలియస్ చెన్నపురి రాజధానిలో సివిల్ సర్వీసు ఉద్యోగి. గంజాము మండలములోని ఛత్రపురమున కూడ పనిచేసెను. తల్లి మద్రాసు రైల్వే ముఖ్య ఇంజనీరు కుమార్తె. తలిదండ్రులు ఇండియాలో నుండుటచే బాలుడు అన్నతోకూడ ఇంగ్లండున పరుల యింట పెరిగెను. కేంబ్రిడ్జి కింగ్సు కళాశాలలో గణితము చదివి, 1936లో ఒక గొప్ప వ్యాసమును రచించెను. నియమములుగా విడదీయగల గణన మేదైనను ఒకే యంత్రముచే చేయింపవచ్చునని అందు చూపెను. నేటి కంప్యూటరు శాస్త్రమునకు అది పునాదులలో నొకటి.

రెండవ ప్రపంచయుద్ధమున ఆయన బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించు పనిలో ముఖ్యుడై యుండెను. చదరంగమున ప్రసిద్ధులగు హ్యూ అలెగ్జాండరు, హారీ గోలంబెక్ మున్నగువారు అచ్చట పనిచేయుచుండిరి. గణితమున నంతటివాడగు ట్యూరింగు చదరంగమున మాత్రము సామాన్యుడే. ఒకమారు ఆయన ఓటమి నొప్పుకొనగా, గోలంబెక్ బల్లను త్రిప్పి, ఓడిన పక్షమును తాను గైకొని, ఆ స్థితినుండియే గెలిచెనట! ఆట చెడినదని మనము విడిచిన చోట నింకను ఎత్తులు మిగిలి యుండునని దీనివలన తెలియును.

యుద్ధానంతరము, 1948లో, ఆయన తన మిత్రుడు డేవిడ్ ఛాంపర్నౌన్‌తో కలిసి చదరంగమాడు విధానము నొకదానిని నియమములుగా కూర్చెను. అందు బంటునకు 1, గుఱ్ఱమునకు 3, శకటునకు మూడున్నర, ఏనుగునకు 5, మంత్రికి 10 చొప్పున విలువ లేర్పరచిరి. ఎత్తులను ముందుగా చూచి, లాభనష్టములు లెక్కించి, మేలైనదానిని ఎన్నుకొనుటయే దాని పద్ధతి. దానిని నడుపుటకు తగిన యంత్రము లేనందున, 1952లో ట్యూరింగు తానే యంత్రమువలె కాగితముపై లెక్కలు వేయుచు ఆలిక్ గ్లెన్నీతో ఆడెను. ఆ విధానము 29 ఎత్తులలో ఓడిపోయెను. ఓటమికి ఆయన సిగ్గుపడలేదు. ఆ యాటను 1953లో అచ్చువేయించి లోకమునకు చూపెను.

స్వలింగ సంబంధమును నేరముగా నెంచిన నాటి చట్టము 1952లో ఆయనను శిక్షించెను. 1954 జూన్ 7వ తేదీన, 41 యేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. 2013లో ఆ శిక్షకు రాణి క్షమాపణ లభించినది. కాని అప్పటికి దాని నందుకొనువాడు లేడు.

డీప్ బ్లూ అను యంత్రము 1997లో జగజ్జేతయగు కాస్పరోవును 6 ఆటల పోటీలో జయించెను. అదే కాస్పరోవు 2012లో ట్యూరింగు విధానముతో నాడి 16 ఎత్తులలో గెలిచెను. బలహీనమగు ఆ తొలి యత్నము లేక బలమైన యంత్రము పుట్టునా?

విద్యార్థులారా! కంప్యూటరు అలయదు, విసుగుకొనదు, ముఖస్తుతి చేయదు. మీ శక్తికి తగినట్లు దాని బలమును తగ్గించుకొని యాడుడు. ఓడిన పిమ్మట గోలంబెక్‌వలె బల్లను త్రిప్పుడు: మీ పక్షమును యంత్రమునకిచ్చి, అది యెట్లు కాపాడుకొనునో చూడుడు. అయితే దాని సమాధానము చూచుటకు ముందు మీ సమాధానమును కాగితముపై వ్రాసికొనుడు. యంత్రము తప్పును చూపును; దానికి కారణము నెరిగి దిద్దుకొనుట మన పని. ఆ పనిని యంత్రమునకే విడిచినయెడల ఎన్ని యాటలాడినను మన బుద్ధి యున్నచోటనే యుండును.