కాషాయము, శిలువ: బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ జీవితము

పందొమ్మిదవ శతాబ్దమున వంగదేశమునందు క్రైస్తవమును స్వీకరించిన బ్రాహ్మణ యువకులు పలువురు కలరు. వారిలో కతోలిక మతమున చేరినవారు అరుదు. అట్లు చేరిన పిదప కాషాయము ధరించి, శంకరుని అద్వైతమును పునీత థామస్ అక్వినాస్ తత్త్వముతో సమన్వయింప బూని, తుదకు రాజద్రోహాభియోగము విచారణలో నుండగనే మరణించిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ జీవితము నేటికిని తెగని తగవు వంటిది.

ఆయన తొలిపేరు భవానీచరణ బంద్యోపాధ్యాయ. 1861 ఫిబ్రవరి 11వ తేదీన హుగ్లీ జిల్లాలోని ఖన్యాన్ గ్రామమున జన్మించెను. తండ్రి దేవీచరణుడు పోలీసు శాఖలో ఉద్యోగి. శైశవముననే తల్లి గతించుటచే నాయనమ్మ పెంచెను. పినతండ్రి కాళీచరణుడు క్రైస్తవుడు, కాంగ్రెసు తొలితరము నాయకులలో ఒకడు. చిన్ననాట భవానీచరణునకు మతముకంటె యుద్ధవిద్యపైననే మక్కువ మెండు. గ్వాలియరు సైన్యమున చేరి ఆంగ్లేయులపై కత్తి దూయవలెనని ఇల్లు విడిచి పోయెను. అది నెఱవేరలేదు. పిదప కేశవచంద్ర సేనుని ప్రభావమున పడి 1887లో నవవిధాన సమాజమున చేరెను. మఱుసటి యేడు ఉపాధ్యాయుడుగ సింధు దేశపు హైదరాబాదునకు పోయెను.

అచ్చటనే 1891లో ఆంగ్లికన్ బోధకుని చేత జ్ఞానస్నానము పొంది, కొలది నెలలకే కరాచీలో కతోలిక సభలో చేరెను. ఈ రెండవ అడుగునకు కారణము తాత్త్వికమైనది. ఆయన ఎఱిగిన ప్రొటెస్టెంటు బోధకులలో పలువురు పాపముచే మానవబుద్ధి పూర్తిగా చెడినదనియు, హిందూ శాస్త్రములు అంధకారమనియు చెప్పుచుండిరి. కతోలిక సంప్రదాయము వేఱొక మాట చెప్పెను. బుద్ధి తన స్వశక్తితోనే దేవుడు కలడని తెలిసికొనగలదు. దైవానుగ్రహము ప్రకృతిని తుడిచివేయదు, పూరించును. 1879లో పదమూడవ లియో పోపు ప్రకటించిన లేఖతో థామస్ తత్త్వమునకు పునరుజ్జీవము కలిగియుండెను. అరిస్టాటిలు క్రైస్తవుడు కాడు. అయినను థామస్ ఆయన తర్కమును తన సౌధమునకు పునాది చేసికొనెను. అట్లైనచో వ్యాస శంకరులు భారతదేశమున ఆ పునాది ఏల కారాదు? ఉపాధ్యాయ జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగెను.

1894లో ‘సోఫియా’ అను ఆంగ్ల మాసపత్రికను కరాచీ నుండి ఆరంభించెను. జ్ఞానస్నాన నామమగు థియోఫిలసునకు సంస్కృతరూపముగా బ్రహ్మబాంధవ నామమును స్వీకరించి, ఆ సంవత్సరముననే కాషాయము కట్టి, మెడలో నల్లని శిలువ ధరించెను. ఆ వేషముతో దేవాలయమున ప్రవేశించుటకు స్థానిక గురువు అంగీకరింపకపోగా, బొంబాయి అగ్రపీఠాధిపతి అనుమతించెను.

తొలుత ఆయన అద్వైతమును ఖండించినవాడే. 1897 ప్రాంతమున దృష్టి మాఱెను. థామస్ మతమున దేవుడొక్కడే స్వతస్సిద్ధమగు ఉనికి గలవాడు; సృష్టియందలి ప్రతి వస్తువును ఎరవు తెచ్చుకొన్న ఉనికితో నిలుచుచున్నది. సృష్టివలన దేవునికి చేకూరు లాభము గాని, సృష్టి లేకున్న కలుగు లోటు గాని లేదు. ఈ పరాధీనసత్తకే మాయ యని పేరని ఉపాధ్యాయ వాదము. సచ్చిదానంద శబ్దమును త్రిత్వమునకు అన్వయించుట కేశవచంద్రుడు 1882లోనే చేసియుండెను. ఉపాధ్యాయ దానికి శాస్త్రబద్ధమగు రూపమిచ్చెను: పరబ్రహ్మము తన్ను తానెఱుగుటయే చిత్తు, ఆ యెఱుకయందలి తృప్తియే ఆనందము. 1898లో రచించిన ‘వందే సచ్చిదానందం’ అను సంస్కృత స్తోత్రము ఈ భావమునకు ఫలము. దానియందు అనువాదపు వాసన లేదు. అది స్తోత్రవాఙ్మయపు పదజాలముతోనే కూర్చబడినది.

ఈ సమన్వయమున ఒక చిక్కు కలదు. శంకరుని మాయ సదసద్విలక్షణము, జ్ఞానముచే బాధితమగునది. థామస్ సృష్టి పరాధీనమేయైనను సత్యము. జ్ఞానముచే తొలగునది కాదు. బాధయను భావమును ఉపాధ్యాయ మెల్లగ దాటిపోయినట్లు తోచును. కాని ఆయనను అడ్డగించినవారు ఈ చిక్కును చర్చించి అడ్డగింపలేదు. 1899లో జబ్బల్పూరు చెంత నర్మదాతీరమున మఠము నెలకొల్పగా, పోపు ప్రతినిధి జలెస్కీ దానిని నిషేధించెను. రోమునకు పోయి విన్నవించుకొనవలెనని బయలుదేఱి, బొంబాయిలో రోగపీడితుడై ఉపాధ్యాయ మరలిపోయెను. కలకత్తాలో 1900లో వారపత్రికగా వెలువడిన సోఫియాకును, మఱుసటి యేటి ‘ట్వెంటియత్ సెంచరీ’కిని అదే గతి పట్టెను.

1901లో రవీంద్రుని శాంతినికేతన విద్యాలయ స్థాపనకు తోడ్పడి, స్వల్పకాలముననే వెడలిపోయెను. 1902–03లో ఇంగ్లాండున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జీలలో వేదాంతముపై ఉపన్యసించెను. ఈ కాలమున ఆయన సమాజధర్మము, సాధనధర్మము అను భేదమును పాటించెను. తాను మొదటిదానియందు హిందువు, రెండవదానియందు కతోలికుడు. ఈ విభజన ఆయనకు ఊపిరి సలుపుకొను చోటిచ్చెను గాని, దానితోపాటు వర్ణవ్యవస్థ సమర్థనయు వచ్చెను. తెలుగునాట క్రైస్తవమున చేరినవారిలో అధికసంఖ్యాకులు మాల మాదిగలు. సమాజధర్మము పేర వర్ణమును నిలుపు ఆ సూత్రమున వారికి ఏ స్థానము మిగులునో ఆయన ఆలోచింపలేదు.

1904లో వంగభాషాపత్రిక ‘సంధ్య’ ఆరంభమయ్యెను. వంగ విభజనానంతరము అది నిప్పులు చెఱిగెను. సంస్కృత స్తోత్రకర్త ఇచ్చట అంగడి వీథి నుడికారమును, సామెతలను, ఎత్తిపొడుపులను పట్టుకొనెను. భాషాపండితులకు ఈ పరివర్తనము మతపరివర్తనమంత ఆసక్తికరము. ఆ యేటనే తన పాఠశాలలో సరస్వతీపూజ జరిపించగా ప్రియశిష్యుడగు అణిమానందుడు విడిపోయెను. 1907 ఆగస్టులో ఉపాధ్యాయ ప్రాయశ్చిత్తము చేయించుకొనెను. అది క్రీస్తును విడుచుటయా, సమాజమున తిరిగి నిలుచుటయా యను వాదము నేటికిని ఉన్నది. తన భేదసూత్రము ప్రకారము రెండవదే సరి. ఆయన నమ్మకమును ఆయన సూత్రముతోనే కొలుచుట న్యాయము.

సెప్టెంబరులో రాజద్రోహ నేరముపై నిర్బంధింపబడెను. పత్రికా బాధ్యత అంతయు తనదేయని ఒప్పుకొని, స్వరాజ్యకార్యమున పరప్రభుత్వమునకు తాను సమాధానము చెప్పవలసినవాడను కానని న్యాయస్థానమునకు తెలిపి, విచారణలో పాల్గొన నిరాకరించెను. ఆంత్రవృద్ధి బాధ ముదిరి క్యాంబెల్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగెను. ధనుర్వాతము సోకి అక్టోబరు 27న మరణించెను. వేలాది జనులు వెంట నడువగా హిందూ సంప్రదాయమున దహనము జరిగెను.

1934లో రవీంద్రుడు ‘చార్ అధ్యాయ్’ నవల పీఠికలో, ఉపాధ్యాయ కడపటి సమాగమమున తన పతనమును గూర్చి తనతో చెప్పినట్లు వ్రాయగా వంగదేశమున కలకలము రేగెను. తరువాతి ముద్రణమున ఆ పీఠిక తొలగింపబడెను. విడిపోయిన అణిమానందుడే గురువు జీవితచరిత్రను వ్రాసెను. 1950లో కావేరీతీరమున మోన్షనిన్, లె సో అను ఫ్రెంచి గురువులిద్దఱు సచ్చిదానందాశ్రమమును స్థాపించిరి. రెండవ వాటికన్ మహాసభ (1962–65) పిదప, నిషిద్ధపత్రికల సంపాదకుని స్తోత్రము భారతదేశపు కతోలిక దేవాలయములలో గానము చేయబడుచున్నది.